గోడ పిన్ని

మూడో పెన్సిలు చెక్కుతుండగా బల్ల మీద ఫోను మోగింది. ఆవిడ వెంటనే తీయలేదు. మొన మరీ సన్నగా వస్తే కాగితం గీరుకుపోతుంది, మొద్దుగా ఉంటే చుక్క అలుక్కుపోతుంది. ఆ రెంటికీ మధ్య ఎక్కడ ఆపాలో ఆవిడ చేతికి తెలుసు. అయినా ఎంపిక రోజున చేతిని నమ్మదు, కళ్ళజోడు పెట్టుకుని కిటికీ వెలుగులో మొన తిప్పి తిప్పి చూసుకుంటుంది. చూసుకున్నాకే ఫోను తీసింది.

"ఏం చేస్తున్నావక్కా?" చెల్లెలి గొంతు.

"పెన్సిళ్ళు చెక్కుతున్నా."

"అరవై నాలుగేళ్ళొచ్చినా నీకు పలకా బలపం వదల్లేదు. ఇవాళ డాక్టరు రమ్మన్నాడుగా, వెళ్తున్నావా?"

"ఇవాళ ఎంపిక. ఎల్లుండి వెళ్తాలే."

"నీ ఎల్లుండికి పాతికేళ్ళు దాటాయి. మా ఆయన నీకోసం గదికి సున్నం వేయించి మంచం కూడా వేయించాడు. ఇప్పుడా మంచం మీద ఆయన చొక్కాలు పడుకుంటున్నాయి."

"పడుకోనీవే. వాటికీ వయసు మీద పడింది."

చెల్లెలు నవ్వలేదు. "భుజం లాగుతోందన్నావు. తగ్గిందా?"

"సంచీ బరువుకి లాగింది. అంతే."

అంతే కాదని ఇద్దరికీ తెలుసు. తెలిసిన సంగతిని పైకి అనకుండా ఫోను పెట్టేయడం ఆ అక్కచెల్లెళ్ళకి చిన్నప్పటినుంచీ అలవాటు.

సంచీలో మూడు పెన్సిళ్ళు, టీ ఫ్లాస్కు, సన్నివేశాలున్న కాగితాల కట్టలు పన్నెండు సర్దుకుంది. చివరగా బల్ల సొరుగులోంచి రబ్బరు తీసింది. తెల్లటి రబ్బరే ఒకప్పుడు. అరిగి అరిగి, చివరికొచ్చిన సబ్బుముక్కలా నున్నగా, బూడిదరంగులో ఉంది. అది ఏడాదికి ఒక్కరోజే బయటికొస్తుంది. గది తాళం వేసి, తాళంచెవి అలవాటుగా కిటికీ చెక్క మీద పెట్టబోయి, ఆగి, సంచీలో వేసుకుంది. ఈ ఆగడం కూడా అలవాటే.

ఆవిడ పనేమిటో ఎవరికైనా చెప్పాలంటే కాస్త ఓపిక కావాలి. ఊళ్ళో ఒక నాటక కంపెనీ ఉంది. డిగ్రీ చదివి వచ్చిన పన్నెండుమందికి ఆ కంపెనీ ఏడాదిపాటు నటన నేర్పుతుంది. ఏడాది చివర కంపెనీ పెద్దల ముందు ఒక్కొక్కరూ ఒక్కో సన్నివేశం ఆడి చూపించాలి. పన్నెండుమందిలో ఇద్దరిని కంపెనీలోకి తీసుకుంటారు. మిగతా పదిమంది ఆ సాయంత్రమే పెట్టె సర్దుకుంటారు. సన్నివేశమన్నాక రెండో మనిషి కావాలి కదా. ఆ రెండో మనిషి మాటలు చదివేది ఈవిడ. అమ్మ మాటలూ ఈవిడే, మొగుడి మాటలూ ఈవిడే, జడ్జి మాటలూ, దొంగ మాటలూ ఈవిడే. చదవాలి గానీ నటించకూడదు. గొంతులో ఏడుపుండకూడదు, కోపముండకూడదు. కాగితం మీదనుంచి చూపెత్తకూడదు.

"ఆవిడ గోడ అనుకోండి," అని మాస్టారు మొదటిరోజే పిల్లలకి చెప్తారు. కంపెనీలో ముప్పై ఏళ్ళు వేషాలు కట్టి, మోకాళ్ళు అరిగాక పాఠాలకి దిగిన మనిషి ఆయన. "మీరు బంతి ఎంత గట్టిగా కొడితే అంతే గట్టిగా తిరిగొస్తుంది. గోడ తనంతట తాను కొట్టదు."

"గోడలకి చెవులుంటాయంటారు, ఈ గోడకి నోరు కూడా ఉందే," అన్నాడు ఏ ఏడో ఎవడో. అప్పటినుంచీ ఆవిడ గోడ పిన్ని. పిల్లలు మారినా పేరు మారలేదు. ఆవిడకన్నా పదేళ్ళు పెద్దయిన మాస్టారు కూడా పిన్నిగారూ అనే పిలుస్తారు.

నిజానికి ఆవిడ ఆ కంపెనీకి వచ్చింది చదవడానికి కాదు. ఆవిడ మొగుడు అక్కడ లైట్లు వేసేవాడు. ఒకసారి ప్రదర్శనలకి కంపెనీతో పై ఊళ్ళకి వెళ్తూ, చెప్పులు తొడుక్కుంటూ, "తాళంచెవి కిటికీలో పెట్టు, ఏ వేళకి వస్తానో," అన్నాడు. లారీ తిరిగొచ్చింది, లైట్లు తిరిగొచ్చాయి, మనిషి రాలేదు. అక్కడెక్కడో ఇంకో ఇల్లు చూసుకున్నాడని నెల తర్వాత నాలుగు ముక్కల ఉత్తరం వచ్చింది. ఐదో తరగతితో బడి మానేసిన మనిషి, ఆ నాలుగు ముక్కలూ కూడబలుక్కుని చదువుకుంది. కంపెనీ మేనేజరు జాలిపడి గదులు ఊడ్చే పని ఇచ్చాడు. ఊడ్చేటప్పుడు దొరికిన పాత నాటకాల కాగితాలన్నీ ఇంటికి తెచ్చుకుని చదివేది. మొదట వేలు పెట్టి, తర్వాత పెదవులు కదుపుతూ, తర్వాత కళ్ళతోనే. ఒకరోజు చదివే ఆయనకి జ్వరమొచ్చింది. "అమ్మా, నీకు చదవడం వచ్చా?" అన్నారు మాస్టారు. వచ్చని చీపురు గోడకి ఆనించి కూర్చుంది. ఇరవయ్యారేళ్ళయింది.

కంపెనీ మెట్లు ఇరవై రెండు. పన్నెండో మెట్టు దగ్గర మలుపు. అక్కడ గోడకి పాత నాటకం బొమ్మ ఒకటి వేలాడుతుంది. ఈ మధ్య ఆవిడ రోజూ అక్కడ ఆగి ఆ బొమ్మ చూస్తోంది.

"రోజూ అంతసేపు చూస్తారు, అందులో ఏముందమ్మా?" అన్నాడు కింద కుర్చీలో కూర్చున్న వాచ్‌మన్.

"ఎవరైనా కదులుతారేమోనని చూస్తున్నా."

వాచ్‌మన్ నవ్వాడు. భుజంలో లాగుడు సద్దుమణిగేదాకా ఆవిడ బొమ్మ చూసి మిగతా పది మెట్లూ ఎక్కింది.

పై హాల్లో మూడు కుర్చీలు వేసి ఉన్నాయి. పెద్ద దర్శకురాలికి ఒకటి, మేనేజరుకి ఒకటి, మాస్టారికి ఒకటి. వాటికి ఎదురుగా నేల మీద సుద్దతో గీసిన చదరం, అందులో ఆడాలి. చదరం పక్కన చేతుల్లేని కుర్చీ, చిన్న బల్ల గోడ పిన్నివి. కట్టలు వరసగా పేర్చి, పన్నెండుమందిలో అందరూ పొడుగమ్మాయి అనే పిల్ల కట్ట అన్నిటికన్నా అడుగున పెట్టింది. పిలిచే వరసలో ఆ అమ్మాయిది ఆఖరే. అది కాకపోయినా అడుగునే పెట్టేది.

ఆ అమ్మాయి అంటే ఆవిడకి ప్రాణమని ఎవరికీ తెలియదు. గోడకి ప్రాణమేమిటని ఎవరూ అనుకోలేదు గనక తెలియలేదు.

చేరిన రెండో నెలలో ఒక మంగళవారం వాన పట్టుకుంది. అందరూ వెళ్ళిపోయారు. పొడుగమ్మాయి గొడుగులేక కింద చిన్న గదిలో ఆగిపోయి, ఊరికే కూర్చోలేక, బల్ల మీద కట్ట లాక్కుంది. "పిన్నీ, ఇవాళ నేను గోడని. మీరు ఆడండి."

"నాకు రాదమ్మా."

"గోడతో మాట్లాడ్డానికి రావడమేంటి?"

ఇరవయ్యారేళ్ళలో ఆ మాట అన్నది ఆ పిల్ల ఒక్కతే. ఆ పిల్ల తలొంచుకుని చప్పగా ఒక మాట చదివింది. గోడ పిన్ని దానికి జవాబు చెప్పింది. ఇంకో మాట. ఇంకో జవాబు. నాలుగో జవాబుకి ఆవిడ గొంతు వణికింది. కట్ట మూసేసి, "వాన తగ్గినట్టుంది," అంది. తగ్గలేదు. ఆనాటినుంచీ ప్రతి మంగళవారం క్లాసయ్యాక అరగంట గోడ పిన్ని వంతు. వారంలో మిగతా రోజులన్నీ ఆ అరగంటకి అటూ ఇటూ ఉండేవే.

ఎంపికయిన పిల్లలు పై అంతస్తులోనే ఉంటారు. మొదటి ఏడు కిందికి దిగి పలకరిస్తారు, రెండో ఏడు మెట్ల మీద తలూపుతారు, మూడో ఏడు తొందరలో ఉంటారు. ఆ సంగతి ఆవిడకి తెలియనిది కాదు. తలూపినా చాలనుకుంది. ఎంపిక కాకపోతే అదీ ఉండదు.

భయమల్లా ఒక్కచోటే. పొడుగమ్మాయి సన్నివేశంలో కూతురు ఇల్లు విడిచి వెళ్తుంటుంది. తల్లి అంటుంది, "వెళ్ళేదానివి వెళ్ళు. గుమ్మంలో నిలబడకు." కూతురు జవాబు, "గుమ్మంలో నిలబడింది నేను కాదమ్మా, నువ్వు." అక్కడ ఆ అమ్మాయి ప్రతిసారీ ఆగిపోతుంది. మాట మర్చిపోయి కాదు. ఈ కోర్సులో చేరతానని ఇంట్లోంచి బయల్దేరిన రోజు వాళ్ళమ్మ గదిలోంచి బయటికి రాలేదట. తర్వాత ఫోను చేసినా తీయలేదట.

ఆగితే దానికో లెక్కుంది. మాస్టారు పెట్టిన లెక్క. ఆడేవాళ్ళు మాట పలక్కుండా ఆగిపోతే చదివే మనిషి మనసులో పది అంకెలు లెక్కపెట్టాలి. పదయ్యాక తర్వాతి మాట చదివేసి ముందుకెళ్ళాలి. దాంతో ఆడేవాళ్ళ మాట పోయినట్టే. ఎంతసేపు ఆగారో తర్వాత వాళ్ళకి చూపించడానికి ఆవిడ అంకెకో చుక్క చొప్పున కాగితం మీద పెన్సిలుతో పెడుతుంది. మూడు చుక్కలు, ఐదు చుక్కలు. కోర్సు ముగిసిన సాయంత్రం రబ్బరు తీసి పన్నెండు కట్టల్లోని చుక్కలన్నీ చెరిపేస్తుంది. తర్వాతి ఏడు పిల్లలకి అవే కట్టలిస్తారు. పాతవాళ్ళు ఎక్కడ తడబడ్డారో కొత్తవాళ్ళు చూస్తే అక్కడే తడబడతారని మాస్టారి నమ్మకం.

"రేపు ఆగిపోతే?" అని నిన్న అడిగింది పొడుగమ్మాయి.

"పది దాకా ఉంటాను."

"పది తర్వాత?"

"పదేనమ్మా. అందరికీ పదే."

తొమ్మిదింటికి మొదలైంది. నాలుగోవాడు గలగల. వాడు మాట్లాడుతూ నిద్రపోతాడని, నిద్రలేస్తూ మాట్లాడతాడని తోటివాళ్ళు అలా పిలుస్తారు. వస్తూ ఆవిడ చెవి దగ్గర వంగి, "గోడ పిన్నీ, ఇవాళ కూలకండేం," అని చదరంలోకి వెళ్ళాడు. అన్నకీ తమ్ముడికీ మధ్య తగవు వాడి సన్నివేశం. బాగా ఆడాడు. సగం దాటాక ఎందుకో వాడికి మాట జారిపోయింది. ఆవిడ లెక్కపెట్టింది. ఒకటి, రెండు. వాడి కాలి బొటనవేలు సుద్దగీత మీద రాస్తోంది. ఏడు, ఎనిమిది. వాడు ఊపిరి పీల్చుకున్నాడు, మాట నాలుక చివరిదాకా వచ్చినట్టే ఉంది. పది. ఆవిడ తర్వాతి మాట చదివింది. గొంతు చప్పగా, శుభ్రంగా ఉంది. వాడు మిగతాదంతా పూర్తి చేశాడు గానీ, అన్నీ సర్దేశాక ఖాళీ ఇల్లు ఊడ్చినట్టు చేశాడు.

మధ్యాహ్నం పన్నెండున్నరకి అడుగు కట్ట పైకొచ్చింది.

పొడుగమ్మాయి వచ్చి నిలబడింది. ఆవిడ చూపెత్తలేదు, పొడుగాటి నీడ మాత్రం బల్ల మీద పడింది. తల్లి మాటలు ఒక్కొక్కటే చదివింది. పిల్ల జవాబులు నిలకడగా వస్తున్నాయి. ఆ చోటు వచ్చింది.

"వెళ్ళేదానివి వెళ్ళు. గుమ్మంలో నిలబడకు."

బల్ల మీది నీడ కదల్లేదు.

ఒక చుక్క. రెండు. మూడు. పెన్సిలు మొన కాగితానికి తగిలే చప్పుడు ఆవిడకి వినిపిస్తోంది. ఆరు. ఏడు. మేనేజరు కుర్చీ కిర్రుమంది. తొమ్మిది. పది.

పదో చుక్క పెట్టాక ఆవిడ నోరు తెరవాలి. తర్వాతి మాట, "ఆ పెట్టె నీకెందుకు, దింపు," కళ్ళ ముందే ఉంది. నోరు తెరుచుకోలేదు. చెయ్యి మాత్రం ఆగలేదు. పదకొండు. పన్నెండు. ఎడమ భుజంలోంచి ఏదో వేడిగా మోచేతి దాకా దిగింది. పదమూడు. ఆవిడ కళ్ళెత్తింది. ఇన్నేళ్ళలో మొదటిసారి, ఆడుతున్న మనిషి ముఖంలోకి చూసింది. పిల్ల అప్పటికే ఆవిడనే చూస్తోంది. గదిలోంచి బయటికి రాని తల్లి ఎదురుగా వచ్చి నిలబడ్డట్టు, పదహారు, ఆ పిల్ల ముఖం మెల్లగా విచ్చుకుంది. పదిహేడు. పద్దెనిమిది.

"గుమ్మంలో నిలబడింది నేను కాదమ్మా," అంది పిల్ల చాలా నెమ్మదిగా. "నువ్వు."

పెద్ద దర్శకురాలు రాసుకోవడం మానేసి చూస్తూ ఉండిపోయింది.

అయిపోయాక అందరూ కిందికి దిగారు. మాస్టారు మాత్రం మోకాళ్ళు పట్టుకుని లేచి బల్ల దగ్గరకి వచ్చారు.

"పిన్నిగారూ, ఆ చివర ఎంతసేపు ఆగారు?"

"పది."

"నా లెక్కకి పద్దెనిమిది వచ్చింది."

"మీ లెక్క ఎప్పుడూ తొందరే మాస్టారూ."

ఆయన నవ్వారు. నవ్వు సగంలోనే ఆగిపోయింది. "పొద్దున గలగలకి నా లెక్కా పదే వచ్చింది," అని, కర్ర పట్టుకుని వెళ్ళిపోయారు. తిడితే బావుండేదనుకుంది ఆవిడ.

మూడింటికి కాగితం అంటించారు. రెండు పేర్లు. అందులో ఒకటి పొడుగమ్మాయిది.

ఆ పిల్ల మెట్లు మూడేసి దూకుతూ కింద చిన్న గదికి వచ్చింది. ఆవిడ రెండు చేతులూ పట్టుకుని ఊపింది. "పద్దెనిమిదట. మాస్టారు చెప్పారు."

"ఆయనకి చెవుడు."

"లెక్కకి చెవుడేంటి పిన్నీ?" పిల్ల నవ్వి, అంతలోనే కళ్ళు తుడుచుకుంది. "అమ్మకి ఫోన్ చేసొస్తా. తీయదనుకోండి. అయినా చేస్తా. అరగంటలో వచ్చేస్తా, వెళ్ళిపోకండి. ఇవాళ మంగళవారం. మీ వంతు."

"వెళ్ళిరా. నేనెక్కడికి పోతాను."

తర్వాత ఒక్కొక్కరూ వచ్చి చెప్పి వెళ్ళారు. పదిమందికి పది రకాల వీడుకోళ్ళు. కొందరు ఫోటో దిగారు. ఒకమ్మాయి గుమ్మంలోంచే చెయ్యూపింది, దగ్గరికొస్తే ఏడుస్తానని. ఆవిడకి ఇన్నేళ్ళయినా ఇది అలవాటు కాలేదు. వెళ్ళేవాళ్ళ వీపు చూడకుండా కట్టలకేసి చూస్తూ తలూపుతుంది. ఆఖరున గలగల వచ్చాడు, పెట్టె భుజాన వేసుకుని.

"గోడకి వీడ్కోలు ఎలా చెప్పాలో మాస్టారు నేర్పలేదు పిన్నీ."

"గోడకి చెప్పక్కర్లేదు నాన్నా. ఇక్కడే ఉంటుంది." ఆవిడ గొంతు సవరించుకుంది. "పొద్దున నీకు పదే ఇచ్చాను."

"అందరికీ పదేగా," అన్నాడు వాడు.

ఆవిడ నోటిదాకా వచ్చిన మాట అక్కడే ఉండిపోయింది. చెప్తే ఆ పిల్ల ఎంపిక మీద మాట పడుతుంది. చెప్పకపోతే వాడి పెట్టెలో ఒక అబద్ధం కూడా సర్దుకుని వెళ్తాడు. వాడు వంగి ఆవిడ ఫ్లాస్కు మూత బిగించి, "ఎప్పుడూ సరిగ్గా పెట్టరు, కారుతుంది," అని వెళ్ళిపోయాడు. ఈసారి ఆవిడ వాడి వీపుకేసి చూసింది. మలుపు తిరిగేదాకా చూసింది.

గది ఖాళీ అయింది. పడమటి కిటికీలోంచి ఎండ బల్ల మీదికి వచ్చింది. ఆవిడ రబ్బరు తీసి మొదటి కట్ట విప్పింది. ఒక్కో పుట తిప్పడం, చుక్కలు చెరపడం, రబ్బరు పొట్టు చేత్తో తుడిచి కింద పడకుండా అరచేతిలో పోగుచేయడం. నాలుగో కట్టలో గలగల పది చుక్కలు దొరికాయి. పొద్దున గట్టిగా నొక్కినట్టుంది, చెరిపాక కూడా పది గుంటలు వేలికి తగిలాయి. వేలితో రాసింది. రాస్తే పోయేవి కావు.

నాలుగయింది. అరగంట ఎప్పుడో దాటిపోయింది. పిల్లలు కదా, తోటివాళ్ళతో వెళ్ళి ఉంటుందనుకుంది. కోపం రాలేదు. వెళ్ళిన పిల్ల రేపు ఇదే ఇంట్లో పై అంతస్తులో ఉంటుంది. తలూపుతుంది. ఎల్లుండి డాక్టరు దగ్గరకి వెళ్ళి, అటునుంచి అటే చెల్లెలింటికి నాలుగు రోజులు వెళ్ళిరావచ్చు, చొక్కాల్ని కాస్త జరిపి మంచమ్మీద పడుకోవచ్చు. ఇరవయ్యారేళ్ళలో మొదటిసారి ఎల్లుండి అనే మాట నిజంగానే అనుకుంది.

పదకొండు కట్టలు శుభ్రమయ్యాయి. పన్నెండోది విప్పి ఆ పుట తీసింది. రబ్బరు చుక్కల దాకా తీసుకెళ్ళి, కాగితానికి తగలనివ్వకుండా ఆగింది. భుజంలోంచి వేడి మళ్ళీ దిగుతోంది. కాస్త ఆగి చెరుపుదామని రబ్బరు పక్కన పెట్టి, తలొంచుకుని చుక్కలకేసి చూస్తూ కూర్చుంది.

పొడుగమ్మాయి వచ్చేసరికి ఐదు దాటింది. వాళ్ళమ్మ ఫోను తీసింది. తీసి గంటన్నర మాట్లాడింది. ఆ సంగతంతా చెప్పాలని వీధిలోంచి పరుగెత్తుకుంటూ వచ్చింది పిల్ల, ముక్కు ఎర్రగా ఉంది. గుమ్మంలో ఆగింది.

గోడ పిన్ని కాగితం మీదికి వంగి ఉంది. కళ్ళజోడు ముక్కు చివరికి జారింది. చూపెత్తలేదు. ఏడాదిగా రోజూ చూసిన భంగిమే అది. ఆలస్యానికి అలిగి, ఆటకి సిద్ధంగా కూర్చుందనుకుంది పిల్ల. నవ్వాపుకుని, అచ్చం ఆవిడలాగే చప్పగా గొంతు పెట్టి గుమ్మంలోంచే అంది.

"వెళ్ళేదానివి వెళ్ళు. గుమ్మంలో నిలబడకు."

జవాబు రాలేదు. పిల్ల మనసులో లెక్కపెట్టింది. ఐదు, ఆరు. మంగళవారాల్లో పిన్ని కూడా ఆ జవాబు దగ్గర ఆగిపోతుందని తెలుసు. తొమ్మిది, పది. పదికి ఆపడం న్యాయం కాదనిపించింది. తనకిచ్చినన్ని తనూ ఇవ్వాలి. పదకొండు, పన్నెండు. గదిలో ఎండ బల్ల దిగి నేల మీదికి వచ్చింది. పదహారు. పదిహేడు.

పద్దెనిమిది దాకా ఉండి, పిల్ల గుమ్మం దాటి లోపలికి వచ్చింది.

బల్ల మీద పదకొండు కట్టలు ఒకదాని మీద ఒకటి శుభ్రంగా పేర్చి ఉన్నాయి. పన్నెండోది తెరిచి ఉంది. ఆ పుటలో ఒక మాట చివర మొదలైన పెన్సిలు చుక్కలు, ఒకటి పక్కన ఒకటి, వరస దాటి, అంచు ఖాళీలోకి, కాగితం చివరిదాకా వెళ్ళి ఆగాయి, వాటి పక్కన అరిగిపోయిన రబ్బరు.